డయాలసిస్ మొదలయ్యాక తిండి, నీళ్లు, అలవాట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఆయనకి డయాలసిస్ మొదలై ఆరేళ్లు దాటింది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ బయట బెంచీ మీద కూర్చునే మాలాంటివాళ్లం మాట్లాడుకునేది దాదాపు ఒకటే: ఏం వండాలి, ఏం పెట్టకూడదు, ఎన్ని నీళ్లు ఇవ్వాలి. కొత్తగా వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలూ అవే. అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. నేను డాక్టర్ని కాదు. ఇక్కడున్న అంకెలు పెద్దవాళ్లకి మామూలుగా చెప్పేవి, మీ మనిషికి ఎంత అన్నది రిపోర్టు చూసి మీ డాక్టరు, డైటీషియన్ చెప్పాలి.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. తినకూడనిది తిని ఆసుపత్రి పాలైనవాళ్లని చూశాను. కానీ భయపడి తినడం మానేసి, ఇంట్లోవాళ్లు కూడా భయపడి పెట్టడం మానేసి, చొక్కా వేలాడిపోయేంత చిక్కిపోయినవాళ్లని అంతకంటే ఎక్కువమందిని చూశాను. ఈ పేజీ ముఖ్యంగా వాళ్ల కోసం.

డయాలసిస్‌కి ముందు పప్పు, గుడ్లు, మాంసం తగ్గించమన్నారు. ఇప్పుడేమో రోజూ గుడ్లు తినమంటున్నారు. ఏది నిజం?

రెండూ నిజమే. ఈ ఒక్క విషయం అర్థం కాక ఎన్ని ఇళ్లలో ఎంత నష్టం జరుగుతోందో చెప్పలేను. కిడ్నీలు సగం సగం పనిచేస్తున్నప్పుడు ప్రోటీన్ ఎక్కువ తింటే వాటి మీద భారం పెరుగుతుంది, అందుకని అప్పుడు తగ్గించమంటారు. కిలో బరువుకి రోజుకి 0.6 నుంచి 0.8 గ్రాముల దాకా అని లెక్క. డయాలసిస్ మొదలయ్యాక లెక్క మారిపోతుంది. మిషన్ చెత్తని తీసేటప్పుడు దాంతోపాటు ప్రోటీన్ తాలూకు అమైనో ఆమ్లాలు కూడా కొన్ని పోతాయి, ఒంట్లో కండ కూడా త్వరగా కరుగుతుంది. అందుకే కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు తినాలంటారు. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు అన్నమాట. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే, తెల్లసొన మాత్రమే అయితే మూడున్నర గ్రాములు. ఇక చూసుకోండి, చారన్నం, మజ్జిగన్నంతో ఆ లెక్క ఎలా తీరుతుంది?

మొదట్లో మాకు ఇచ్చిన డైట్ కాగితం జిరాక్సు మీద జిరాక్సు తీసి సగం చెరిగిపోయి ఉంది, అంతా ఇంగ్లీషులో, పైగా అది డయాలసిస్‌కి ముందు దశవాళ్లది. మాకేం తెలుసు? అది ఫ్రిజ్ మీద అంటించి ఎనిమిది నెలలు అలాగే వండాను. ఆయన రక్తంలో ప్రోటీన్ (అల్బుమిన్) పడిపోయింది, మెట్లెక్కితే కాళ్లు వణికేవి, నేనేమో జబ్బే అంత అనుకున్నాను. కొత్తగా వచ్చిన డైటీషియన్ ఆ కాగితం చూసి, "అమ్మా, ఇది తీసెయ్యండి, రోజుకి మూడు తెల్లసొనలు, ఒక పూట చేపో చికెనో పెట్టండి" అంది. నాలుగు నెలలకి ఆయన మళ్లీ మెట్లెక్కి మేడ మీద బట్టలు ఆరేశారు. కాబట్టి మీ దగ్గరున్న కాగితం ఏ దశదో ఇవాళే అడిగి తెలుసుకోండి.

మేం శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. మరి ప్రోటీన్ ఎలా?

కుదురుతుంది, కొంచెం శ్రద్ధ కావాలి అంతే. పెసరపప్పు, కందిపప్పు, మీల్‌మేకర్, పనీర్, కొద్దిగా పెరుగు. పప్పుల్లో పొటాషియం, ఫాస్ఫరస్ ఉంటాయి కదా అని భయపెడతారు. ఉంటాయి, కానీ గింజల్లో ఉండే ఫాస్ఫరస్ ఒంటికి పూర్తిగా పట్టదు, సగం అటూ ఇటూగా పడుతుంది. పప్పుని నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికించండి. ఆ పప్పులో మళ్లీ పాలకూరో టమాటానో వేయకుండా, సొరకాయ వేసుకోండి. మామూలు ప్రోటీన్ పౌడర్లు మెడికల్ షాపులో అడిగి తెచ్చేయకండి, డయాలసిస్‌వాళ్ల కోసం పొటాషియం, ఫాస్ఫరస్ తగ్గించి చేసినవి వేరే ఉంటాయి, డాక్టరు రాస్తేనే వాడండి.

రోజుకి ఎన్ని నీళ్లు తాగొచ్చు?

మామూలుగా చెప్పే లెక్క: ముందురోజు ఎంత మూత్రం వచ్చిందో దానికి 500 మి.లీ. కలిపి అంత. మూత్రం అసలు రానివాళ్లకి అరలీటరు నుంచి ముప్పావు లీటరు, ఎక్కువలో ఎక్కువ లీటరు. వినడానికి అన్యాయంగా ఉంటుంది, నాకు తెలుసు.

అందులో నీళ్లొక్కటే కాదు, టీ, మజ్జిగ, చారు, సాంబారు, మాత్రలు మింగే గుక్క, ఐసు ముక్క, పుచ్చకాయ ముక్క, అన్నీ లెక్కే. మా ఇంట్లో పొద్దున్నే ఒక అరలీటరు సీసా నింపి పెడతాను. ఆయన టీ తాగితే, ఆ టీ గ్లాసుడు నీళ్లు సీసాలోంచి తీసి మొక్కకి పోస్తాను. చారు పోసుకుంటే అంత తీస్తాను. సాయంత్రానికి సీసాలో ఎంత మిగిలిందో అదే రాత్రికి. కాగితం మీద అంకెలు రాసుకోవడం మూడు రోజులకే విసుగొచ్చి మానేశాం, సీసా మాత్రం ఆరేళ్లుగా నడుస్తోంది, ఎందుకంటే కళ్లకి కనిపిస్తుంది.

దీనికి సాక్షి తూకం. పొద్దున్నే టాయిలెట్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో, ఒకే మిషన్ మీద. ఒక కిలో పెరిగితే ఒక లీటరు నీరు ఒంట్లో ఆగినట్టు. రెండు సెషన్ల మధ్య పెరిగే బరువు, మీ డ్రై వెయిట్ (ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పటి బరువు)లో 4 శాతం దాటకుండా చూసుకోమంటారు, 60 కిలోలవాళ్లకి రెండున్నర కిలోలలోపే. నాలుగు కిలోలతో వెళ్లారనుకోండి, అదంతా నాలుగు గంటల్లో లాగాలి. బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేసి మంచం మీద మెలికలు తిరుగుతారు, ఇంటికొచ్చాక సాయంత్రం దాకా లేవలేరు. ఊపిరి అందకపోవడం, పడుకుంటే ఆయాసం, ఇవి ఉంటే మాత్రం తర్వాతి సెషన్ దాకా ఆగకండి, వెంటనే వెళ్లండి.

నీళ్లు ఎక్కువ తాగితే కిడ్నీలు బాగుపడతాయంటారు కదా, మా అత్తగారు బలవంతంగా తాగిస్తున్నారు.

ఆవిడ ప్రేమతోనే తాగిస్తున్నారు, కానీ ఆపించండి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లకి చెప్పే సలహా అది. మంచి కిడ్నీలు ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఎండలో పొలం పనిచేసేవాళ్లు, సరిపడా మంచినీళ్లు తాగాల్సిందే. మూత్రం తగ్గిపోయిన డయాలసిస్ మనిషికి మాత్రం ఆ నీళ్లు బయటికి పోయే దారి లేదు. కాళ్లలో, ఊపిరితిత్తుల్లో చేరతాయి.

మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం పక్కనే. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. కొబ్బరి, జీడితోటల్లో కూలికి వెళ్లేవాళ్లు, బీపీ షుగర్ లేనివాళ్లు, వయసులో ఉన్నవాళ్లు కూడా పడిపోతున్నారు. ఇదే కారణం అని ఒక్కటి ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు, హిరమండలం రిజర్వాయరు నీళ్లు పైపుల్లో ఊళ్లకి తెచ్చే పథకం కూడా మొదలుపెట్టారు. మంచి నీళ్లు రావడం ఎంతో అవసరం. కానీ "మంచి నీళ్లు వచ్చాయి కాబట్టి బాగా తాగితే జబ్బు పోతుంది" అని డయాలసిస్ మీదున్న మనుషులు కూడా చెంబులు చెంబులు తాగడం చూశాను. ఆ నీళ్లు జబ్బు లేనివాళ్లు తాగాల్సినవి, ఉన్నవాళ్లకి వాళ్ల కొలత వాళ్లకే ఉంటుంది.

దాహం ఆగట్లేదు, ఏం చేయాలి?

ముందు ఉప్పు చూడండి. ఉప్పు తగ్గించకుండా నీళ్లు తగ్గించడం ఎవరి వల్లా కాదు, మనసు గట్టిగా ఉంటే చాలు అనుకోకండి, ఒళ్లు ఊరుకోదు. రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు, అంటే వంట, పచ్చడి, చిరుతిండి అన్నీ కలిపి ఒక చిన్న చెంచా. షుగర్ ఉన్నవాళ్లకి షుగర్ పెరిగినా దాహం పెరుగుతుంది, అదీ చూపించుకోండి. ఇక చిన్న చిన్న ఉపాయాలు: చిన్న కప్పులో తాగడం, చల్లటి నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయడం, ఒక ఐసు ముక్క నోట్లో పెట్టుకుని చప్పరించడం (లెక్కలో వేసుకుని), ఒక లవంగమో చిన్న నిమ్మ చెక్కో బుగ్గన పెట్టుకోవడం. మా ఆయనకి లవంగం పనిచేసింది, మా పక్క బెడ్ ఆయనకి ఏదీ పనిచేయలేదు, ఐసు ఒక్కటే.

ఉప్పు బదులు సైంధవ లవణం వాడొచ్చా? లో సోడియం ఉప్పు?

సైంధవ లవణం కూడా ఉప్పే, రంగు మారింది అంతే, దాని వల్ల ఒరిగేదేం లేదు. లో సోడియం ఉప్పు మాత్రం అస్సలు వద్దు, చుట్టాలు ప్రేమగా తెచ్చిచ్చినా తీసుకోకండి. సోడియం తగ్గించడానికి అందులో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. బీపీ ఉన్నవాళ్లకి మంచిదేమో గానీ డయాలసిస్ మనిషికి అది గుండె మీదకి వస్తుంది.

పచ్చడి లేకపోతే ముద్ద దిగట్లేదు అంటున్నారు.

ఎలా దిగుతుంది మరి? పుట్టినప్పటి నుంచి ఆవకాయతో మొదలుపెట్టి గడ్డపెరుగుతో ముగించిన నాలుక అది. ఊరగాయ, అప్పడం, వడియాలు, మజ్జిగ మిరపకాయలు, ఎండుచేపలు, కారప్పూస, ఇవన్నీ ఉప్పు మూటలే, మానాలి. నిజం చెప్పాలంటే మాకూ మొదటి రెండు నెలలు నరకమే. తర్వాత నాలుక మెల్లగా మారుతుంది, ఇది నేను ఊరికే ఓదార్చడానికి చెప్పడం లేదు, ఇప్పుడు బయటి కూర ఒక ముద్ద తింటే ఆయనే "ఉప్పుకషాయంలా ఉంది" అంటారు.

ఉప్పు తగ్గినప్పుడు పులుపు, కారం, పోపు, వాసన ఆ లోటు తీర్చాలి. కొద్దిగా నిమ్మరసం, వెల్లుల్లి, అల్లం, మిరియాలు, జీలకర్ర, కరివేపాకు, ఇంగువ. చింతపండు ఎక్కువ వద్దు, దాంట్లో పొటాషియం బాగా ఉంటుంది. దొండకాయ ముక్కలు వేయించి పచ్చిమిర్చి, వెల్లుల్లితో రోట్లో నూరి, పైన నిమ్మరసం పిండి పోపు పెడతాను, ఉప్పు వేలి కొసన పట్టేంత. ఆవకాయ కాదు గానీ వేడన్నంలో కలుపుకోవడానికి ఒకటి ఉంది కదా అనిపిస్తుంది.

పొటాషియం అంటే అందరూ అంత భయపడతారెందుకు?

ఎందుకంటే అది చెప్పి రాదు. రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది. కాళ్లూ చేతులూ ఒక్కసారిగా నీరసించడం, తిమ్మిరి, గుండె దడ లేదా మరీ నెమ్మదిగా కొట్టుకోవడం కనిపిస్తే ఇంట్లో చిట్కాలు వద్దు, అర్ధరాత్రైనా ఆసుపత్రికే. కొందరికి ఈ గుర్తులు కూడా ఉండవు, అందుకే నెలనెలా రక్తపరీక్ష మానకూడదు.

కొబ్బరినీళ్లు మొదటి శత్రువు. మా వైపు జ్వరమొచ్చినా, నీరసమొచ్చినా, ఎవరైనా చూడ్డానికొచ్చినా కొబ్బరి బొండాం. ఒక బొండాంలో 600 మిల్లీగ్రాముల పైనే పొటాషియం ఉంటుంది, రోజంతటికీ మామూలుగా ఇచ్చే కోటా 2000 నుంచి 2500 అనుకుంటే పావు వంతుకి అటూ ఇటూగా ఆ ఒక్క బొండాంలోనే అయిపోతుంది. తర్వాత అరటిపండు, బత్తాయి రసం, సపోటా, ఖర్జూరం, మామిడి తాండ్ర, బంగాళాదుంప, చిలగడదుంప, టమాటా గుజ్జు, పాలకూర, మునగాకు, బెల్లం. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, దొండకాయ, క్యాబేజీ లాంటివి కొంత నయం.

కూరగాయల్లోంచి పొటాషియం తీసే పద్ధతి అందరూ చెబుతారు గానీ సగమే చెబుతారు. తొక్క తీసి, సన్నగా తరిగి, కడిగి, బోలెడు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. పొటాషియం నీళ్లలోకి దిగుతుంది, బంగాళాదుంపలో అయితే సగం దాకా పోతుంది. కొంచెం నీళ్లు పోసి కుక్కర్లో పెట్టి ఆ నీళ్లతోనే కూర దగ్గరికి చేస్తే ఏమీ పోదు. ఇంకొకటి, మన ఇళ్లలో ఉడికించిన నీళ్లు పారబోయడానికి చేయి రాదు, బలం పోతుందని చారులో పోస్తారు. దయచేసి ఆ చారు ఆ మనిషికి పోయకండి. మలబద్ధకం ఉంటే కూడా పొటాషియం పెరుగుతుంది, కిడ్నీలు వదిలేసినదాంట్లో కొంత పేగులే బయటికి పంపుతాయి కాబట్టి, దాని సంగతి కూడా సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి.

అంటే పండ్లు మొత్తం బందేనా?

కాదు. చిన్న ఆపిల్ ఒకటి, లేదా రెండు మూడు ముక్కల అనాస, లేదా బేరిపండు, రోజుకి ఒకటి, రసం తీయకుండా. స్టార్ ఫ్రూట్ మాత్రం ఎప్పటికీ వద్దు, ఐదు అంచులుండి అడ్డంగా కోస్తే నక్షత్రంలా కనిపించే పుల్లకాయ అది. కిడ్నీ జబ్బున్నవాళ్లకి దాంట్లోని విషం మెదడుకి ఎక్కుతుంది, ఆగని వెక్కిళ్లతో మొదలై ఫిట్స్ దాకా వెళ్తుంది.

మామిడిపండు గురించి అడక్కుండా ఎవరూ ఉండరు. మా యూనిట్ డాక్టరు, పొటాషియం రిపోర్టు బావుంటే, డయాలసిస్ మొదలైన మొదటి గంటలో రెండు చిన్న ముక్కలు తినొచ్చన్నారు. కొన్నిచోట్ల మిషన్ మీద ఉండగా ఏమీ తిననివ్వరు, బీపీ పడిపోతుందని, అదీ నిజమే. మీ వాళ్లని అడిగి చేయండి. మేం ప్రతి మేలోనూ ఒక బంగినపల్లి కోసి డబ్బాలో రెండు ముక్కలు తీసుకెళ్తాం. ఆయన ఆ రెండు ముక్కలు పావుగంట తింటారు.

నోరంతా చేదు, ఇనుము నాకినట్టుంది, మాంసం వాసనే పడట్లేదు అంటున్నారు. నాటకమా?

నాటకం కాదండీ, ఆ మాట ఆయన ముందు అనకండి. రక్తంలో యూరియా పెరిగితే నోట్లో అలాగే ఉంటుంది, లాలాజలంలోకి కూడా వచ్చి అమ్మోనియా వాసన కొడుతుంది. డయాలసిస్ సరిగ్గా అందుతుంటే చాలామందికి తగ్గుతుంది, తగ్గకపోతే సెషన్ సమయం, డోసు సరిపోతోందో లేదో అడగండి. ఈలోపు వేడి కూరల కంటే చల్లారినవి వాసన తక్కువ కొడతాయి, స్టీలు చెంచా బదులు చేత్తోనే తినమనండి, పెద్ద కంచంలో అన్నం గుట్టలా పెట్టకుండా రోజుకి ఐదారుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి. గుడ్డు వాసన పడకపోతే తెల్లసొనని దోసెపిండిలో కలిపి పోస్తే తెలియదు. నాలుగు నెలలు అలాగే పోశాను, అదేమిటో చెప్పేశాక కూడా అలాగే పొయ్యమన్నారు.

ఫాస్ఫరస్ తగ్గించే మాత్రలు ఎప్పుడు వేసుకోవాలి? ఒళ్లంతా దురద కూడా ఉంది.

అన్నంతో. ముద్దకీ ముద్దకీ మధ్య. సెవెలమర్ అయినా, కాల్షియం ఎసిటేట్ అయినా పనిచేసేది పొట్టలో తిండితో కలిసినప్పుడే, రెండు గంటల తర్వాత గుర్తొచ్చి మింగితే ఆ మాత్ర దండగ. దురదకి ఫాస్ఫరస్ ఒక కారణం కావచ్చు, ఎముకలు గుల్లబారడానికీ అదే. పాలు, కోవా, చీజ్, జీడిపప్పు, వేరుశనగలు తగ్గించండి (జీడిపప్పుకి పేరుపడ్డ ఊరి పక్కనుండి ఈ మాట రాయడం బాధగానే ఉంది). అన్నింటికంటే ముందు నల్లటి కూల్‌డ్రింకులు, ప్యాకెట్లలో వచ్చే మాంసం, చీజ్ ముక్కలు మానాలి, వాటిలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు మొత్తం ఒంటికి పట్టేస్తుంది.

షుగర్ పదిహేనేళ్ల నుంచి ఉంది, ఈమధ్య ఇన్సులిన్ తగ్గించినా షుగర్ తక్కువే వస్తోంది. షుగర్ నయమైనట్టేనా?

ఇది వినగానే ఇంట్లో అందరూ సంతోషపడతారు, కానీ జాగ్రత్తపడాల్సిన విషయం ఇది. సూదితో వేసుకున్న ఇన్సులిన్‌ని ఒంట్లోంచి తీసేయడంలో కిడ్నీలది పెద్ద వాటా. అవి పాడైతే ఇన్సులిన్ ఎక్కువసేపు పనిచేస్తుంది, తిండి కూడా తగ్గి ఉంటుంది, దాంతో షుగర్ పడిపోతుంది, ముఖ్యంగా రాత్రిళ్లు. పాత డోసే పొడిచేసుకుంటే తెల్లారేసరికి లేవలేని పరిస్థితి వస్తుంది. డోసు డాక్టరుతో మాట్లాడి మార్చుకోండి. షుగర్ పడిపోతే బత్తాయి రసం, కొబ్బరినీళ్లు ఇవ్వకుండా, మూడు చెంచాల పంచదార కొద్ది నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ చూడండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. మూడు నెలల షుగర్ పరీక్ష అంకె కూడా రక్తం తక్కువున్న డయాలసిస్ మనుషుల్లో అసలుకంటే తక్కువ చూపించొచ్చు, ఇంట్లో మిషన్‌తో చూసుకోవడం మానకండి.

దొంగతనంగా తింటున్నారు. అడిగితే అబద్ధం చెబుతున్నారు. ఏం చేయాలి?

ఈ ప్రశ్న ఎవరూ గట్టిగా అడగరు. పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడుగుతారు. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

రెండో ఏడాది వేసవిలో ఒకరోజు రాత్రి రెండింటికి వంటింట్లో చప్పుడైతే లేచాను. లైటు వేయలేదు ఆయన. కింద కూర్చుని, ఒళ్లో స్టీలు డబ్బా పెట్టుకుని మామిడి తాండ్ర తింటున్నారు. పిల్లల కోసం తెచ్చి అటక మీద దాచింది. నన్ను చూసి డబ్బా మూత పెట్టేసి, తప్పుచేసిన పిల్లాడిలా తల దించుకున్నారు. యాభై మూడేళ్ల మనిషి, ఇంటికి ఏది తేవాలన్నా తనే తెచ్చిన మనిషి, నాకు భయపడి చీకట్లో తింటున్నారు. నాకు ముందు కోపం వచ్చింది, అరిచాను కూడా. తర్వాత పక్కనే కూర్చున్నాను. ఆయన అన్నది ఒకటే: "రోజంతా ఎవరో ఒకరు వద్దంటూనే ఉంటారు."

లెక్క వేసుకుంటే నిజమే. పొద్దున లేచిన దగ్గర్నుంచి నేను, పిల్లలు, మా ఆడపడుచు, ఫోన్లో మా అన్నయ్య, వార్డులో సిస్టరు, అందరం ఆ మనిషి నోటి మీదే కాపలా. మర్నాటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. వద్దన్న ప్రతిదానికీ పక్కన "ఇది తినొచ్చు" అన్నది ఒకటి ఇంట్లో ఉండాలి. తను ఏం తిన్నా నాకు చెప్పొచ్చు, చెప్పినందుకు నేను అరవను. ఈ రెండోది నాకు చాలా కష్టమైంది. కానీ చెప్పడం మొదలుపెట్టాక, ఎక్కువ తిన్నరోజు డాక్టరుకి ఫోన్ చేసి చెప్పగలిగాం, అవసరమైతే రక్తపరీక్ష ముందే చేయించగలిగాం. అబద్ధం చెప్పినప్పుడు డాక్టరు చేతిలో తప్పుడు లెక్క ఉంటుంది, దాన్నిబట్టి మందులు మారుస్తారు, అది తాండ్ర కంటే ప్రమాదం.

తినడం దాచడమే కాదు, తినడం పూర్తిగా మానేయడం, ఎవరితో మాట్లాడకపోవడం, "నా కోసం ఇంత ఖర్చెందుకు" అని పదేపదే అనడం, నిద్రపట్టకపోవడం కనిపిస్తే అది మొండితనం అని వదిలేయకండి. డయాలసిస్ మీదున్నవాళ్లలో డిప్రెషన్ చాలా మామూలు, దానికి మందులున్నాయి, మాట్లాడే డాక్టర్లున్నారు. చచ్చిపోవాలనిపిస్తోంది అంటే 14416 టెలిమానస్‌కి (మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను) ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఒక సెషన్ మానేస్తే ఏమవుతుంది?

ఏమీ కానట్టే ఉంటుంది, అదే ప్రమాదం. చాలామంది బస్సు ఖర్చు, కూలి పోతుందని, తోడు వచ్చేవాళ్లు లేక మానేస్తారు, వాళ్లని తప్పుపట్టే హక్కు నాకు లేదు. సెషన్‌కి డబ్బు కట్టలేక మానేస్తుంటే మాత్రం ఆరోగ్యశ్రీ (మా ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మార్చారు) కింద చేస్తారు, 2016 నుంచి కేంద్రం డయాలసిస్ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో పేదలకి ఉచితం, అడగండి.

వారంలో ఒక ఖాళీ మాత్రం ఎప్పుడూ పెద్దది. సోమ, బుధ, శుక్రవారాలవాళ్లకి శుక్రవారం నుంచి సోమవారం దాకా, మంగళ, గురు, శనివారాలవాళ్లకి శనివారం నుంచి మంగళవారం దాకా. గుండె ఆగిపోవడాలు, ఆయాసంతో ఎమర్జెన్సీకి రావడాలు ఈ పెద్ద ఖాళీ చివర్లోనే ఎక్కువ. మరి మన ఇళ్లలో మటన్, బిర్యానీ ఏ రోజు? ఆదివారం. సరిగ్గా ఆ ఖాళీ మధ్యలో. మా ఇంట్లో మటన్‌ని బుధవారానికి మార్చాం, ఆయన డయాలసిస్ రోజు పొద్దున తినేసి వెళ్తారు. పిల్లలు రెండు వారాలు గొణిగారు, తర్వాత బుధవారం కోసం ఎదురుచూడ్డం అలవాటైంది.

నాటు మందు, కషాయాలు, నొప్పి మాత్రలు?

ఒంటినొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి తెచ్చుకోకండి. రోజుకి ఒక గ్లాసు మూత్రం వస్తున్నా అది బంగారం, ఈ మాత్రలు దాన్ని కూడా ఆపేస్తాయి. ఆకు పసర్లు, భస్మాలు, "క్రియాటినిన్ (కిడ్నీలు తీయలేక రక్తంలో పేరుకునే చెత్త) తగ్గించే" పొడులు, ఏవీ డాక్టరుకి చెప్పకుండా వద్దు. ఈ మందులు ఇచ్చేవాళ్లు డయాలసిస్ ఆపేయమన్నారని ఆపేసి నాలుగు రోజుల్లో స్ట్రెచర్ మీద వచ్చిన మనిషిని నేను చూశాను, ఆయన భార్య నా పక్కనే కూర్చుంది.

ఫిస్టులా ఉన్న చేతితో పనులు చేయొచ్చా?

ఫిస్టులా అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రెండు రక్తనాళాలు కలిపి చేసేది. తేలిక పనులు చేయొచ్చు. ఆ చేత్తో నీళ్ల బిందె, గ్యాసు సిలిండరు ఎత్తకూడదు, ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, డయాలసిస్‌కి తప్ప సూది పొడవనివ్వకూడదు, బిగుతు గాజులు, వాచీ వద్దు, తల కింద పెట్టుకుని పడుకోకూడదు. రోజూ పొద్దున వేళ్లు ఆనించి జిల్లుమనే కదలిక ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే ఆ రోజే వెళ్లాలి.

ఆయనకి వేరుగా, మాకు వేరుగా రెండు వంటలా?

మొదటి ఏడాది అలాగే చేశాను, నడుం పడిపోయింది. పైగా ఆయన కంచం వేరుగా, పక్కన మా కంచాల్లో అప్పడాలు. ఇప్పుడు ఒకే వంట. ఉప్పు తక్కువతో కూర దించి, ఆయన వాటా తీసి, మిగతాదాంట్లో పైన ఉప్పు కలుపుతాను. ఉప్పు తగ్గడం వల్ల నా బీపీ కూడా కొంచెం దిగింది.

ఒక విషయం మీతో గట్టిగా చెప్పాలి. చూసుకునేవాళ్లు కూడా తినాలి. మనిషికి పెట్టలేనిది మనం తినడం పాపం అన్నట్టు పచ్చడి మెతుకులతో సరిపెట్టుకునే అక్కచెల్లెళ్లని వార్డు బయట రోజూ చూస్తాను. ఉద్దానం లాంటి చోట ఇంకొకటి కూడా ఉంది, ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లు కూడా ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించుకోవాలి. ఆ జబ్బు చప్పుడు లేకుండా వస్తుంది.

కార్తీక సోమవారాలు, రంజాన్ ఉపవాసాలు ఉండొచ్చా?

డాక్టరు ఒప్పుకుంటే తప్ప వద్దు. పగలంతా ఉండి రాత్రి ఒక్కసారిగా పళ్లు, ఖర్జూరాలు, నీళ్లు తీసుకోవడం వీళ్లకి చాలా ప్రమాదం. జబ్బుగా ఉన్నవాళ్లకి ఉపవాసం నుంచి మినహాయింపు రంజాన్‌లో ఉంది, మన పెద్దవాళ్లూ అదే చెబుతారు. మా అత్తగారు ఆయన తరఫున తను సోమవారాలు ఉంటున్నారు, ఆయన సాయంత్రం దీపం వెలిగిస్తారు.

పెళ్లికి వెళ్లొచ్చా? వెళ్తే ఏం తినాలి?

వెళ్లండి. దయచేసి వెళ్లండి. ఇంట్లో కూర్చోబెట్టేస్తే తిండి ఇంకా తగ్గుతుంది. డయాలసిస్ మర్నాడు అయితే ఒంట్లో నీరు తక్కువగా ఉంటుంది, ఆ రోజు ముహూర్తమైతే అదృష్టం. ఇంట్లో ముందే ఒక గుడ్డు అట్టు తిని వెళ్తే అక్కడ ఆకలితో తెలియకుండా తినేయడం ఉండదు. విస్తట్లో అన్నం, నెయ్యి, ఒక వేపుడు, ఒక గారె, ఒక స్వీటు, ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర జేబులో. పప్పు రెండు చెంచాలు. పులిహోర రుచి చూడ్డానికి. సాంబారు, రసం, ఊరగాయ, పాయసం, కూల్‌డ్రింకు వద్దు. వడ్డించేవాళ్లు వినరు కాబట్టి విస్తరి మీద చేయి అడ్డం పెట్టాలి.

కిందటి మాఘంలో మా మేనకోడలి పెళ్లికి శ్రీకాకుళం వెళ్లాం. ఆయన బంతిలో మా అన్నయ్య పక్కన కూర్చున్నారు. సాంబారు బకెట్ పట్టుకుని కుర్రాడు వస్తుంటే ఈయన చేయి ఎత్తేలోపు మా అన్నయ్యే తన అరచేయి ఈయన విస్తట్లో అడ్డం పెట్టాడు. ఇంతకుముందు "ఒక్కరోజుకి ఏమవుతుంది బావా" అనేవాడు వాడే.